మూడు పౌండ్లు, ఆరు కోట్లు

2024 డిసెంబరు 28, శనివారం. క్లైడ్ నార్త్‌లో మా వీధి చివరి ఇంట్లో పదిమందిమి చేరి మెల్బోర్న్ టెస్టు చూస్తున్నాం. గ్రౌండు మాకు యాభై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. వెళ్ళచ్చు, కానీ స్నేహితుడి భార్య పెసరట్లు వేస్తానన్నాక ఎవరు కదుల్తారు?

నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉండగా బుమ్రా అవుటయ్యాడు. ఆఖరివాడిగా మన హైదరాబాదు సిరాజ్ వచ్చాడు. కమిన్స్ ఓవర్లో ఇంకా మూడు బంతులున్నాయి. ఇంట్లో ఎవరూ ఊపిరి తియ్యలేదు. సిరాజ్ మూడూ ఆపేశాడు. తర్వాతి ఓవర్లో బోలండ్ బంతిని నితీశ్ బౌలర్ తల మీదుగా బౌండరీకి పంపాడు. స్టాండులో ముత్యాల రెడ్డిగారు ఏడుస్తుంటే ఇక్కడ మాలో కూడా ఇద్దరు ముగ్గురు చొక్కా చేతులతో కళ్ళు తుడుచుకున్నారు. కొడుకు ఆట కోసం విశాఖపట్నంలో హిందుస్తాన్ జింకు ఉద్యోగం ముందే వదిలేసుకున్న మనిషి ఆయన.

కళ్ళు తుడుచుకున్న అయిదు నిముషాలకే గొడవ మొదలైంది. "ఇంత ఆడేవాడు ఆరు కోట్లకు ఒప్పుకోవడమేమిటండీ? వేలానికి వెళ్తే పదిహేను పలికేవాడు" అన్నాడొకడు. "అది విశ్వాసం" అన్నాడు ఇంకొకడు. "విశ్వాసమా, వెర్రితనమా?" అన్నాడు మొదటివాడు. "నాకు ఒక్క కోటి ఇప్పించండి, విశ్వాసమంటే ఏమిటో చూపిస్తా" అన్నాడు మూడోవాడు, కాంట్రాక్టు అయిపోవస్తున్న పాపం మనిషి.

సంగతి ఇదీ. 2024 అక్టోబరు 31న ఐపీఎల్ జట్లు తమ దగ్గర అట్టేపెట్టుకునే ఆటగాళ్ళ పేర్లు ప్రకటించాయి. దేశానికి ఆడిన అయిదుగురిని ఉంచుకుంటే బోర్డు లెక్క ప్రకారం 18, 14, 11, 18, 14 కోట్లు, మొత్తం 75. ఆ 75ని జట్టు తనకిష్టమొచ్చినట్టు పంచుకోవచ్చు. సన్‌రైజర్స్ క్లాసెన్‌కి 23, కమిన్స్‌కి 18, అభిషేక్ శర్మకీ ట్రావిస్ హెడ్‌కీ చెరో 14, నితీశ్‌కి 6 ఇచ్చింది. బయటికి వెళ్తే ఇంకా వస్తుందని చాలామంది చెప్పినా, తనకు పేరు తెచ్చిన జట్టుని ఎందుకు వదలాలని నితీశ్ అనుకున్నాడు. 20 లక్షలకు తీసుకుని ఆడించిన జట్టు మరి.

ఇప్పుడు బోర్డు అంకెల్నీ సన్‌రైజర్స్ అంకెల్నీ పెద్ద నుంచి చిన్నకు పేర్చి పక్కపక్కన పెట్టండి. మధ్యలో మూడూ ఒకటే. తేడా రెండు చోట్లే: పైన 18 ఉండాల్సిన చోట 23, కింద 11 ఉండాల్సిన చోట 6. అంటే కింద తగ్గిన అయిదు కోట్లే పైన పెరిగాయన్నమాట. పెద్ద ఆటగాళ్ళు జట్టు కోసం జీతం తగ్గించుకోవాలా అని లోకమంతా అడుగుతుంది. ఇక్కడ తగ్గించుకున్నది ఇంకా పెద్దవాడు కాని ఇరవయ్యొక్కేళ్ళ కుర్రాడు.

ఈ ప్రశ్నని అందరూ అమెరికా బాస్కెట్‌బాల్ పేరుతోనే అడుగుతారు. అక్కడ జట్టు జీతాలకు 1984-85 నుంచీ పరిమితి ఉంది. 2012లో టిమ్ డంకన్ ఏడాదికి రెండు కోట్ల పైచిలుకు డాలర్ల నుంచి ఇంచుమించు కోటికి దిగాడు, 2014లో అతని శాన్ ఆంటోనియో జట్టు గెలిచింది. 2024లో న్యూయార్క్ ఆటగాడు జేలెన్ బ్రన్సన్ ఇంకొక్క ఏడాది ఆగితే అయిదేళ్ళకు దాదాపు 26 కోట్ల 90 లక్షల డాలర్లకు సంతకం చెయ్యగలిగేవాడు. ఆగకుండా నాలుగేళ్ళకు 15 కోట్ల 65 లక్షలకు చేసేశాడు. బాగుంది. కానీ ఈ కథలన్నిట్లో మనిషి అప్పటికే తరతరాలకు సంపాదించేసి ఉంటాడు. త్యాగం అనే మాటకి అక్కడ అంత బరువుండదు. నాకు ఆసక్తిగా ఉన్నది మా ఊరి కథ. ఎందుకంటే ఈ తగువు మెల్బోర్న్‌లో తొంభై ఏళ్ళ పైనుంచీ నడుస్తోంది, అదీ రోజుకూలి లాంటి డబ్బుల మీద.

ఇక్కడివాళ్ళకు ఫుట్‌బాల్ అంటే ఫుటీ. కోడిగుడ్డు ఆకారం బంతి, జట్టుకి పద్దెనిమిదిమంది, క్రికెట్ గ్రౌండంత మైదానం. 1930లో, సరిగ్గా ఆర్థికమాంద్యం ముంచుకొస్తున్నప్పుడు, విక్టోరియా లీగు ఒక నియమం పెట్టింది: ఎంతటి ఆటగాడికైనా మ్యాచికి 3 పౌండ్లకు మించి ఇవ్వకూడదు. మెల్బోర్న్ క్లబ్బు ప్రతినిధి పేరు మీద దాన్ని కౌల్టర్ చట్టం అన్నారు. (ఆ క్లబ్బు ఇప్పుడు మా పక్కనే కేసీ ఫీల్డ్స్‌లో ప్రాక్టీసు చేస్తుంది. కూరలకు వెళ్తూ ఆ దారినే పోతుంటాను, ఈ సంగతి చాలాకాలం తెలీదు.)

నియమం పుట్టిన ఏడాదే దొంగదారీ పుట్టింది. ఆల్బరీ కుర్రాడు హేడన్ బంటన్‌కి ఫిట్జ్‌రాయ్ క్లబ్బు చాటుగా 222 పౌండ్లు ఇవ్వజూపిందని, లీగు అతన్ని 1930లో అసలు ఆడనివ్వలేదు. ఇవ్వజూపిన క్లబ్బు ఆడుకుంటూనే ఉంది, కుర్రాడు ఇంట్లో కూర్చున్నాడు. 1931లో వచ్చాడు, వచ్చిన ఏడే లీగులో అత్యుత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం కొట్టాడు. 1932లో మళ్ళీ, 1935లో మళ్ళీ. సౌత్ మెల్బోర్న్ వాళ్ళది ఇంకా తెలివి. ఆ క్లబ్బు అధ్యక్షుడు ఆర్చీ క్రాఫ్ట్స్‌కి కిరాణా దుకాణాలుండేవి. ఇతర రాష్ట్రాల నుంచి తెచ్చిన ఆటగాళ్ళకు వాటిలో ఉద్యోగాలిచ్చారు. ఆటకి మూడు పౌండ్లే, చట్టం చట్టమే; పప్పులూ బియ్యం తూచినందుకు జీతం వేరే. 1933లో కప్పు వాళ్ళదే.

ఈ గందరగోళంలో కాలింగ్‌వుడ్ ఒక్కటీ వేరు. కూలిజనం పేట అది. అక్కడ సీనియర్ జట్టులో అందరికీ ఒకటే డబ్బు. జీవితంలో 1,299 గోల్స్ కొట్టిన గోర్డన్ కోవెంట్రీకీ అంతే, బెంచీ మీద కూర్చున్నవాడికీ అంతే. 1912 నుంచి 1949 దాకా కోచ్‌గా ఉన్న జాక్ మెక్‌హేల్ కూడా ఆటగాళ్ళ కంటే ఎక్కువ పుచ్చుకోకుండా బీరు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసుకునేవాడు. 1927 నుంచి 1930 దాకా వరసగా నాలుగు కప్పులు గెలిచారు. పెద్ద ఆటగాడు తక్కువ తీసుకోవడానికి ఇంతకంటే మంచి వాతావరణం నేనెక్కడా చదవలేదు. ఎవరూ ఎవర్నీ త్యాగం అడగలేదు, పద్దు గోడ మీద రాసినట్టుండేది.

అయినా అది అందరికీ కడుపు నింపలేదు. రాన్ టాడ్ 1938లో 120, 1939లో 121 గోల్స్ కొట్టాడు. 1940లో పక్క లీగులోని విలియమ్స్‌టౌన్ 500 పౌండ్లిస్తానంది. కాలింగ్‌వుడ్ వదలనంది. వదలకపోయినా వెళ్ళిపోయాడు. మ్యాచికి మూడు పౌండ్లు అందుకునేవాడికి అయిదొందలంటే ఏమిటో మీరే లెక్కేసుకోండి. ద్రోహి అన్నారు. నేనైతే అనలేను.

అసలు దెబ్బ 1970లో తగిలింది. అందరికీ సమానం అని నలభై ఏళ్ళు చెప్పిన క్లబ్బే, పశ్చిమ ఆస్ట్రేలియా నుంచి పీటర్ ఈకిన్స్ అనే ఆటగాణ్ణి పెద్ద డబ్బు పోసి తెచ్చింది. కెప్టెన్ డెస్ టడెన్‌హామ్, రక్‌మన్ లెన్ థాంప్సన్ సమ్మె చేశారు. వీళ్ళు అడిగింది అన్యాయమేం కాదు: కొత్తవాడికి ఇవ్వగలిగినవాళ్ళు ఇన్నాళ్ళూ మాకెందుకు లేదన్నారు? చివరికి తిరిగొచ్చారు కానీ టడెన్‌హామ్ కెప్టెన్సీ పోయింది. ఆ ఏడు ఫైనల్లో, 1,21,696 మంది చూస్తుండగా, సగం ఆటకి 44 పాయింట్ల ముందున్న కాలింగ్‌వుడ్ కార్ల్‌టన్ చేతిలో ఓడిపోయింది. సమ్మె వల్లే ఓడారని నేననను. కానీ తక్కువకు ఆడటంలో ఉండే గర్వం మాత్రం ఆ ఏడే పోయిందనుకుంటాను.

ఇక్కడ నా గోల కొంచెం చెప్పాలి, లేకపోతే 1986 సంగతి నాకెందుకు గుచ్చుకుందో అర్థం కాదు.

2009లో నేను పనిచేసే చోట (పేరెందుకు లెండి) అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, మాంద్యం కదా, స్వచ్ఛందంగా పది శాతం తగ్గించుకోమన్నారు. కాగితం మీద 'స్వచ్ఛందంగా' అనే మాట బోల్డులో ఉంది. నేను మొదటి రోజే సంతకం పెట్టాను. వీసా మీదున్నవాడికి ధైర్యం అంతే ఉంటుంది. మాలో ఒక పెద్దాయన మాత్రం పెట్టలేదు. మనవాడే, గుంటూరు వైపు. తల్లికి డయాలిసిస్ జరుగుతోందప్పుడు. ఆయన గట్టిగా ఏమీ వాదించలేదు, "ఈ డబ్బు ఎటు పోతుందో కాగితం మీద చూపిస్తే పెడతానండీ" అన్నాడు, అంతే. ఎవరూ చూపించలేదు. మేమందరం ఆయన్ని మెల్లగా వదిలేశాం. టీకి వెళ్ళేటప్పుడు పిలవడం మానేశాం. నాలుగు నెలలకి ఆయన వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది ఆ కుర్చీలోకి వచ్చిన కుర్రాడు ఒకరోజు లంచ్‌లో మాటల్లో తన జీతం చెప్పాడు. నేను తగ్గించుకోకముందు జీతం కంటే ఎక్కువ.

1986లో కాలింగ్‌వుడ్ దాదాపు దివాలా తీసింది. అంతకుముందు కొన్నేళ్ళుగా కొత్త యాజమాన్యం పక్క క్లబ్బుల నుంచి ఆటగాళ్ళని ఎడాపెడా కొనింది. ఖజానా ఖాళీ అయ్యాక, ఆటగాళ్ళందర్నీ 20 శాతం తగ్గించుకోమన్నారు. జెఫ్ రెయిన్స్, మైక్ రిచర్డ్‌సన్ ఒప్పుకోక ఎసెండన్‌కి వెళ్ళిపోయారు. రెయిన్స్ 1980లో రిచ్మండ్ కప్పు గెలిచినప్పుడు ఆడినవాడు, డబ్బు పోసి తెచ్చుకున్నవాడు. తెచ్చేటప్పుడు ఒక మాట, తెచ్చాక ఒక మాట. మిగిలినవాళ్ళు సర్దుకుని ఉన్నారు. ఆ రోజుల్లో జట్టులో ఉన్న టోనీ షా కెప్టెన్‌గా 1990లో కప్పెత్తాడు. 1958 తర్వాత కాలింగ్‌వుడ్‌కి అదే మొదటిది, ఓడిపోయింది ఎసెండనే. అందుకని ఉన్నవాళ్ళు వీరులు, వెళ్ళినవాళ్ళు స్వార్థపరులు అని కథ చెప్పుకోవడం తేలిక. చాలాకాలం నేనూ అలాగే చదివాను. దివాలా తీయించింది మాత్రం ఈ ఇద్దరూ కాదు, వీళ్ళని కొన్నవాళ్ళు.

1987లో లీగు క్లబ్బు మొత్తం జీతాలకే పరిమితి పెట్టింది, 12 లక్షల 50 వేల డాలర్లు. దొంగదారులు ఆగలేదు. 2002లో కార్ల్‌టన్ పట్టుబడి 9,30,000 డాలర్ల జరిమానా కట్టింది. రగ్బీలో మెల్బోర్న్ స్టార్మ్ ఏకంగా రెండు రకాల పద్దులు రాసి 2010 ఏప్రిల్ 22న దొరికిపోయింది. 2007, 2009 కప్పులు లాగేసుకున్నారు, ఆ ఏడంతా గెలిచినా పాయింట్లు లేవు. గ్రెగ్ ఇంగ్లిస్ సౌత్ సిడ్నీకి వెళ్ళాడు. కామెరాన్ స్మిత్, కూపర్ క్రాంక్, బిల్లీ స్లేటర్ ఉండిపోయారు, 2012లో మళ్ళీ గెలిచారు. ఈసారి పద్దు ఒకటే.

మళ్ళీ పెసరట్ల దగ్గరికి వస్తే, నా ఓటు అడిగారు. నితీశ్ వెర్రివాడు కాదన్నాను. అతని అయిదు కోట్లు ఎక్కడికెళ్ళాయో ఊరందరికీ తెలుసు, క్లాసెన్ పేరు పక్కన ఉన్నాయి. దానికి ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం అతనిష్టం. ఇంకో కుర్రాడు, అప్పులున్నవాడు, వేలానికి వెళ్ళి పదిహేను తెచ్చుకుంటే వాణ్ణి ఒక్క మాట అనడానికి వీల్లేదని కూడా అన్నాను. "అదేంటి, రెండు వైపులా మాట్లాడతావ్" అన్నారు. ఇంతలో ఎవరో కమిన్స్, హెడ్, నితీశ్ ముగ్గురూ ఒకే జట్టు జీతం తీసుకునేవాళ్ళేనని గుర్తుచేశారు. 18 కోట్లవాడు బంతులు వేస్తుంటే 6 కోట్లవాడు కొట్టాడని నవ్వుకున్నాం.

రాత్రి ఇంటికొచ్చాక గుంటూరాయనకి మెసేజ్ పెట్టాను. ఫోన్లో నంబరుంది కానీ చాలా ఏళ్ళుగా పలకరించింది లేదు. సెంచరీ చూశారా అని అడిగాను. రెండు నిముషాల్లో జవాబొచ్చింది, ఆయన గ్రౌండ్లోనే ఉన్నారట, ముత్యాల రెడ్డిగారు ఏడుస్తుంటే రెండు బ్లాకుల అవతల నుంచి చూశారట. గొంతు పోయింది, రేపు మాట్లాడదాం అని రాశారు.