ఉప్మా తిన్న పిల్లల కోసం మళ్ళీ వెతుకులాట

మన సంఘ సభ్యుల్లో బి.పి., షుగరు మాత్రలు వేసుకోనివారు తక్కువ. ఈ జబ్బులకు విత్తనం ఏ వయసులో పడుతుందో తెలుసుకోవాలని చేసిన పరిశోధన ఒకటి మన హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లోనే జరిగింది. ఆరోగ్య శాఖలో లెక్కల పని చేసి రిటైరైనవాణ్ణి కనుక, ఆ సంగతులు ఈ ప్రత్యేక సంచికలో మీతో పంచుకుంటున్నాను.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మనందరికీ తెలిసినదే. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఆ సంస్థవారు 1987-90 మధ్య 29 పల్లెల్లో ఒక అధ్యయనం చేశారు. వాటిలో 15 పల్లెలకు అప్పటికే అంగన్‌వాడీ పథకం వచ్చింది. గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టేవారు. తక్కిన 14 పల్లెలకు పథకం ఇంకా అందలేదు. పుట్టే బిడ్డల బరువులో తేడా ఉందా అన్నదే అప్పటి ప్రశ్న.

2003-05లో ఆ పిల్లల కోసం మళ్ళీ వెతికారు. అప్పటికి వారికి 13 నుంచి 18 ఏళ్ళు. 1165 మందిని పరీక్షించారు. ఉప్మా అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. ఇన్సులిన్ పనితీరు, రక్తనాళాల మెత్తదనం కూడా వారిలో మెరుగు. బి.పి.లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ ఫలితాలు 2008లో ప్రచురించారు.

వినడానికి సులువే. కానీ ఆ వయసు పిల్లలను పట్టుకోవడం ఎంత కష్టమో ఇంటింటి సర్వేలు చేసినవారికి తెలుసు. అమ్మాయి పెళ్ళై అత్తవారింటికి పోతుంది. అబ్బాయి ఇంటర్‌కు హాస్టల్లోనో, పనికి పట్నంలోనో ఉంటాడు. ఊళ్ళో ఉన్నవాడు సూది అంటే ముఖం చాటేస్తాడు. దొరికినవారిని మాత్రమే లెక్కిస్తే, వెళ్ళిపోయినవారి సంగతి తెలియక లెక్క ఒకవైపు మొగ్గుతుంది.

ఈ విషయంలో 2002లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం మంచి ఉదాహరణ. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంతో కలిసి బేగంపేటలోని సెస్ సంస్థ దీనిలో పనిచేసింది. సుమారు 2000 మంది పసిపిల్లలను, 1000 మంది ఎనిమిదేళ్ళ పిల్లలను తీసుకుని, కొన్నేళ్ళకొకసారి అవే ఇళ్ళకు వెళ్ళారు. ఇల్లు మారినవారి ఆచూకీ తీసి, ఉన్నచోటికే పోయి కలిశారు. 2013 నాటికి కూడా నూటికి తొంభై మందికి పైగా నిలిచారు. కరోనా వచ్చిన 2020లో ఫోనులో పలకరించారు.

ఇంకొక సంగతి. పసితనంలో అమ్మానాన్నలు ఒప్పుకున్నారు సరే, పిల్లవాడి మాటేమిటి? 2017 నాటి ఐ.సి.ఎం.ఆర్. నిబంధనల ప్రకారం 12 నుంచి 18 ఏళ్ళవారి సమ్మతి కూడా కాగితం మీద తీసుకోవాలి. పద్దెనిమిది నిండాక మళ్ళీ అడగాలి. వద్దంటే విడిచిపెట్టాలి. నా అనుభవంలో, అడిగి గౌరవించినవారికే జనం రెండోసారి తలుపు తీస్తారు.

కనుక సభ్యులకు నా మనవి. మీ మనవడినో మనవరాలినో ఇటువంటి అధ్యయనానికి అడిగితే, వెంటనే కాదనకండి, వెంటనే సంతకమూ పెట్టకండి. ఎందుకు, ఎన్నేళ్ళు, రక్తం ఎంత తీస్తారు, రిపోర్టు మనకిస్తారా అని అడగండి. తరువాత నిర్ణయం పిల్లలతో కలిసి తీసుకోండి. ఆ పల్లె పిల్లలు చేయి చాచి రక్తం ఇచ్చినందువల్లే బాల్యంలో తిన్న తిండి రక్తనాళాల దాకా పోతుందని మనకు తెలిసింది.