అరచేతిలో గాయం, కాలేయంలో మచ్చ

పొద్దున్నే ఏడింటికి పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్ రేవు. డీజిలు వాసన, ఐసు పగలగొట్టే చప్పుడు, చుట్టూ శ్రీకాకుళం యాస. రేవు పైనున్న చిన్న డిస్పెన్సరీ బల్లమీద వేటకెళ్లే పెద్దాయన అరచెయ్యి చాపాడు. నైలాను తాడు కోసుకుపోయి తొమ్మిది రోజులైంది. నర్సమ్మ కట్టు విప్పుతోంది.

"దురదెట్టేస్తందమ్మా, ఒక్కపాలి గోకీనా?"

"వద్దు మావా. మూసుకుంటోంది, చెడగొట్టకు."

వంగి చూడండి. నడుమ ఎర్రగా, రవ్వలు రవ్వలుగా కొత్త కండ. గాయం అంచులు మొదటిరోజు ఉన్నచోట లేవు, అన్నివైపులనుంచీ లోపలికి జరిగాయి. పక్కనున్న మంచి చర్మం మీది గీతలు కూడా అటే వంగాయి. లోపలినుంచి ఏదో లాగుతోంది.

దాని ఆచూకీ 1971లో జెనీవాలో దొరికింది. జూలియో గబ్బియానీ బృందం మానుతున్న గాయాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసింది. పీచు అల్లే ఫైబ్రోబ్లాస్టు కణాల్లో, కండరంలో ఉండేలాంటి సన్నని తంతువుల కట్టలు కనిపించాయి. అవే మయోఫైబ్రోబ్లాస్టులు. ఒడ్డునుంచి పెద్దవల లాగే జట్టులా ఇవి కొల్లాజెన్ పీచును పట్టి లాగుతాయి, జారకుండా కొత్త పీచుతో బిగిస్తాయి, మళ్లీ లాగుతాయి. గాయం మూసుకున్నాక చాలావరకు తమంతట తామే చచ్చిపోతాయి. వీటి పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ చావే.

చావకపోతే ఏమవుతుందో మైక్రోస్కోపులో చూద్దాం రండి. హెపటైటిస్ బి ఏళ్లతరబడి పీడించిన కాలేయం ముక్క ఇది. మయోఫైబ్రోబ్లాస్టుల్లో ఉండే ఆల్ఫా స్మూత్ మజిల్ యాక్టిన్ అనే ప్రోటీను ఉన్నచోటల్లా గోధుమరంగు పట్టింది. ఆ ఉంగరం లాంటిది చూసి మోసపోకండి, అది రక్తనాళం గోడ. అక్కడి మామూలు కండరానికీ ఇదే రంగు పడుతుంది. స్లైడు కొంచెం జరపండి. కాలేయ కణాల వరసల మధ్య, నాళానికి దూరంగా, కదురు ఆకారంలో గోధుమ గీతలు. ఇవే మనం వెతికేవి. ఒకప్పుడు విటమిన్ ఎ దాచుకుని ఊరకున్న స్టెల్లేట్ కణాలే ఇలా మారాయి. రంగొక్కటే చూసి తేల్చకూడదు, చోటూ ఆకారమూ కలిపి చదవాలి.

వైరస్ పోదు కాబట్టి గాయం ఆగదు, లాగడమూ ఆగదు. పీచు పేరుకుని కాలేయం గట్టిపడి సిరోసిస్‌కు దారితీస్తుంది.

పోర్ట్ బ్లెయిర్‌లోని వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ పరిశోధకులు రక్తం పరీక్షిస్తే నికోబార్ దీవుల ఆదివాసులైన నికోబారీల్లో నూటికి ఇరవైమందికి పైగా ఈ వైరస్ బయటపడింది. ఇంతమంది గురించి మనం ఇంత తక్కువ మాట్లాడుకోవడం నాకు బాధగా ఉంటుంది. 2000లో కార్ నికోబార్ గ్రామాల్లో టీకా వేయడం మొదలుపెట్టారు. బిడ్డకు తొలి డోసు పుట్టిన 24 గంటల్లోపే పడాలి, తల్లినుంచి సోకే ముప్పును తగ్గించేది అదే. ఇప్పటికే సోకి కాలేయం దెబ్బతింటున్నవాళ్లకు టెనోఫోవిర్ మాత్ర ఉంది. రోజూ వేసుకుంటే వైరస్ అణుగుతుంది. అప్పుడు ఆ కణాల్లో కొన్ని చస్తాయి, కొన్ని పని మానేస్తాయి, పేరుకున్న పీచు చాలామందిలో ఏళ్లమీద కరుగుతుంది.