బీరు కుప్ప మీద బండరాయి

2014 జులై. బెర్లిన్ దక్షిణాన మరియెన్‌డార్ఫ్. 1901లో కట్టిన ఎర్ర ఇటుకల గ్యాస్ కర్మాగారంలో జనం మూగారు. మధ్యలో బజారులో దొరికే మామూలు బీరు కుప్ప పోసి ఉంది.

గడ్డం పెంచిన అమెరికన్ ఒకాయన ముందుకొచ్చాడు. గ్రెగ్ కోక్. కాలిఫోర్నియాలోని స్టోన్ బ్రూయింగ్ అనే బీరు కంపెనీ స్థాపకుల్లో ఒకడు. కాసేపటికి ఆ కుప్ప మీద పేద్ద బండరాయి వచ్చి పడింది. ఫట్! నురగ ఎగజిమ్మింది.

ఆ గుంపులో ఒక బెర్లిన్ పెద్దాయన ఉన్నాడనుకుందాం. ఆయన ముఖం ఎలా మాడి ఉంటుందో ఊహించవచ్చు. 1516లోనే బవేరియాలో బీరుకి బార్లీ, హాప్స్ (చేదునిచ్చే పూలు), నీళ్లు తప్ప మరేదీ వాడరాదని శాసనం చేసిన జాతి. అమెరికా బీరంటే వాళ్లకి నీళ్లలాంటి పానీయం. ‘వీళ్లా మాకు నేర్పేది?’

నిజానికి నేర్పడం అప్పటికే సగం అయిపోయింది, బండరాళ్ల అవసరం లేకుండానే. ఇంగ్లండు వాళ్ల ఫగుల్ రకం హాప్స్ నుంచి అమెరికాలోని ఆరిగన్‌లో పుట్టించిన కాస్కేడ్ రకం 1972లో బయటికొచ్చింది. పంపరపనస వాసన దానిది. 1980లో సియెర్రా నెవాడా వాళ్లు దాంతో పేల్ ఏల్ అనే బీరు కాచారు. ఆ ఘాటు, ఆ చేదు మళ్లీ సముద్రం దాటి యూరప్‌కి చేరాయి. 2007లో స్కాట్లాండులో జేమ్స్ వాట్, మార్టిన్ డికీ అనే ఇద్దరు కుర్రాళ్లు బ్రూడాగ్ అనే కంపెనీ పెట్టి, అమెరికా పద్ధతిలోనే పంక్ ఐపీఏ అనే బీరు చేసి అమ్మారు. తాతగారి ఊరి విత్తనం మనవడి చేతుల్లో కొత్త వాసనతో తిరిగొచ్చినట్టు!

కోక్ మాత్రం బెర్లిన్‌లోని ఆ కర్మాగారంలోనే బీరు కాచి అమ్మే 2.5 కోట్ల డాలర్ల ప్రాజెక్టు తలకెత్తుకున్నాడు. కట్టడం పనులు సాగీ సాగీ, రెస్టారెంటు తెరిచేసరికి 2016 వచ్చింది. అరలీటరు బీరు యూరో లోపే దొరికే ఊళ్లో ఖరీదైన చేదుని, అదీ డబ్బాల్లో పోసి అమ్మాలి. రాయి పడ్డ చప్పుడూ చాలామంది చెవుల్లో ఇంకా ఉంది. పిలవకుండా ఇంటికొచ్చిన అతిథి రాగానే వంటింట్లో గిన్నెలు తన్నకూడదు కదా.

2019 ఏప్రిల్‌లో ఆ ఎర్ర ఇటుకల భవనం అమ్ముడుపోయింది. కొన్నది బ్రూడాగ్.

మన పెద్దాయన ఆ తర్వాతెప్పుడో అక్కడికి మళ్లీ వెళ్లాడనుకుందాం. బోర్డు మీద పేరు చూడలేదు. బల్ల దగ్గర కూర్చుని అడిగాడు: ‘‘ఆ పంపరపనస వాసనది ఉందా, అయిపోయిందా?’’