పదును
చిలకలూరిపేట వైపు వెల్డింగ్ షాపుల్లో కొడవలిని గ్రైండరు మీద రాపించి ‘పదును పెట్టాం’ అంటున్నారు. అది సానపెట్టడం. సాన సంస్కృత ‘శాణం’ నుంచి వచ్చింది, అంచును అరగదీసే రాయి. పదును లోహం లోపలి గుణం. మాటేమో అచ్చంగా ద్రావిడం. తమిళంలో పదం, కన్నడంలో హద (మన పాలు అక్కడ హాలు అయినట్టే). మూల భావం తగిన స్థితి. అందుకే నల్లరేగడిలో తేమ విత్తనానికి సరిపోతే పదునైందంటాం, పచ్చితోలును చెడకుండా చేస్తే పదును చేశామంటాం. ‘అదును పదును’ అన్న రైతు కాలాన్నీ తేమనూ వేరువేరుగా గుర్తించాడు, ఎంత గొప్ప చూపు! కమ్మరి లెక్కా అదే. పాత లారీ కమాను పట్టాను అయస్కాంతం అంటనంతగా, అంటే సుమారు 770 డిగ్రీలు దాటేదాకా, కొలిమిలో కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, గాజులా పెళుసెక్కుతుంది. మెరిసేలా రుద్ది మళ్లీ మెల్లగా వేడిచేస్తే ఎండుగడ్డి రంగు, గోధుమ, ఊదా, నీలం వరసగా పాకుతాయి. ఉలికి గడ్డిరంగు దగ్గరే ఆపాలి, గొడ్డలికి ఊదా దాకా పోనివ్వాలి. ఈ ఆపడంలోనే పదును ఉంది. లేత్ షాపుల్లో దీన్నే ‘టెంపర్’ అంటారు. దాని లాటిన్ మూలానికీ తగుపాళ్లలో కలపడమనే అర్థం, మన వాడుకలో మాత్రం కోపమైంది. గ్రైండరు కింద కొడవలి అంచు నీలమెక్కితే అక్కడ వేడి 300 డిగ్రీలకు చేరినట్టు, పెట్టిన పదును పోయినట్టు. మధ్యమధ్య నీళ్లలో ముంచమని షాపువాళ్లకు చెబుతూనే ఉంటాను.