కౌబాయ్ సినిమాల్లో తుపాకులు: చారిత్రక కచ్చితత్వం

అమెరికా పశ్చిమ ప్రాంతపు కథలతో తీసే వెస్టర్న్ సినిమాలను మన ప్రేక్షకులు కౌబాయ్ సినిమాలంటారు. వీటి కథలు ఎక్కువగా 1860-1890 మధ్య నడుస్తాయి. తుపాకి నిర్మాణం సమూలంగా మారిపోయిన కాలం కూడా అదే. మొదట్లో మందు, గుండు విడివిడిగా దట్టించేవారు. చివరికి వచ్చేసరికి లోహపు తొడుగు తూటాలు, వరసగా పేల్చగలిగే లీవర్ రైఫిళ్లు మామూలైపోయాయి. అందుకే ఈ కథల్లో పదేళ్ల తేడా కూడా పెద్ద తేడాయే. పాత తుపాకి తర్వాతి కాలపు కథలో కనిపిస్తే తప్పు లేదు. జనం ఒకసారి కొన్న ఆయుధాన్ని ఏళ్ల తరబడి వాడుకునేవారు. 1876లో హత్యకు గురైన పేరుమోసిన తుపాకి వీరుడు వైల్డ్ బిల్ హికాక్ పేరు చెప్పగానే నేటికీ గుర్తొచ్చేవి 1851 నమూనా కోల్ట్ నేవీ రివాల్వర్లే. ఇంకా తయారే కాని తుపాకి తెరమీదికి రావడమే అసలు తప్పు.

ఆ తప్పుల్లో ముందు చెప్పుకోవలసింది కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్. అమెరికా సైన్యం దీన్ని 1873లో తీసుకుంది. జాన్ ఫోర్డ్ తీసిన ‘ద సెర్చర్స్’ (1956) కథ 1868లో టెక్సస్‌లో మొదలవుతుంది, అయినా జాన్ వేన్ నడుముకు ఉండేది ఇదే. 1843 నాటి కథ అని చెప్పిన ‘ద కమాంచెరోస్’ (1961)లోనూ ఇదే, అంటే ముప్ఫై ఏళ్లు ముందే. సైన్యానికి మొదట ఇచ్చిన రివాల్వర్ల గొట్టం పొడవు ఏడున్నర అంగుళాలు. హీరోల చేతుల్లో మాత్రం పొట్టి గొట్టాలే ఎక్కువ, ఒర లోంచి తొందరగా వస్తాయి కనుక. హ్యామర్‌కు దెబ్బ తగిలితే పేలే ప్రమాదం ఉండటంతో తెలిసినవాళ్లు ఆరు గదుల్లో ఐదే నింపి, హ్యామర్ కింది గదిని ఖాళీగా ఉంచేవారు. తెరమీద ఈ జాగ్రత్త కనిపించడం అరుదు.

రైఫిళ్లలో ఆ స్థానం వించెస్టర్ 1892ది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ రైఫిల్‌ను పెద్ద లీవర్ ఉచ్చుతో ఒంటిచేత్తో తిప్పుతూ ‘స్టేజ్‌కోచ్’ (1939)లో జాన్ వేన్ దారికడ్డంగా నిలబడతాడు. 1880ల నేపథ్యంతో వచ్చిన టీవీ ధారావాహిక ‘ద రైఫిల్‌మన్’ (1958-63)లో చక్ కానర్స్ చేతిలోదీ అదే. ఆ కథాకాలాలకు తగినది 1873 నమూనా. రెండింటినీ గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. 1873 రైఫిల్ నడిమి భాగానికి పక్కన విడిగా బిగించిన లోహపు పలక ఉంటుంది, పైన దుమ్ము పడకుండా ముందుకూ వెనక్కూ జరిగే మూత ఉంటుంది. 1892 నమూనాలో ఆ రెండూ ఉండవు, పక్కభాగం నున్నగా ఉంటుంది.

ఇదంతా దర్శకుల అజ్ఞానం అనుకోవడం సరికాదు. అసలు కారణం తుపాకులు అద్దెకిచ్చే గోదాముల్లో ఉంది. హాలీవుడ్‌కు దశాబ్దాలపాటు ఆయుధాలు సమకూర్చిన స్టెంబ్రిడ్జ్ వంటి సంస్థలకు కావలసింది చవకగా దొరికేవి, దెబ్బలకు తట్టుకునేవి. 1892 రైఫిళ్లు పది లక్షలకు పైగా తయారయ్యాయి, కాబట్టి పాతవి కావలసినన్ని దొరికేవి. దీనికి ‘ఫైవ్ ఇన్ వన్’ అనే బ్లాంక్ తోడైంది. గుండు లేని ఈ తూటా .38-40, .44-40 రివాల్వర్లలోనూ, అవే కొలతల రైఫిళ్లలోనూ, .45 కోల్ట్ రివాల్వర్‌లోనూ పేలుతుంది. మొత్తం ఐదింటికీ ఒకటే, పేరు అందుకే వచ్చింది. ఒకే పెట్టె బ్లాంకులతో షూటింగంతా గడిచిపోతుంటే, మందు దట్టించే పాత రివాల్వర్లను ప్రతి షాట్‌కూ సిద్ధం చేసే ఓపిక ఎవరికుంటుంది?

ఇటాలియన్ దర్శకుడు సెర్జియో లియోనె సినిమాల్లో పొరపాటు మరో రకం. ‘ద గుడ్, ద బ్యాడ్ అండ్ ది అగ్లీ’ (1966) అమెరికా అంతర్యుద్ధ కాలపు కథ. అందులోని కోల్ట్ నేవీ ఆకారం ఆ కాలానిదే, కానీ దాన్ని లోహపు తూటాలకు అనువుగా మార్చారు. సిలిండర్ వెనక నుంచి తూటా పెట్టే పద్ధతికి రోలిన్ వైట్ పేరిట ఉన్న పేటెంట్ స్మిత్ అండ్ వెసన్ చేతిలో ఉండేది. దాని గడువు 1869లో ముగిశాకే కోల్ట్ అలాంటి మార్పులకు దిగగలిగింది. కృష్ణ కథానాయకుడిగా కె.ఎస్.ఆర్. దాస్ తీసిన ‘మోసగాళ్లకు మోసగాడు’ (1971) ఈ ఇటాలియన్ ఒరవడిలోనే వచ్చింది.

తొడ మీదికి వేలాడే తుపాకి ఒర కూడా ఇరవయ్యో శతాబ్దపు కల్పనే. అసలు కాలంలో ఒర నడుముకు ఎత్తుగా, రివాల్వర్ జారిపోకుండా లోతుగా ఉండేది. ఆనాటి తుపాకిమందు నాలుగు సార్లు పేలితే గదంతా పొగ కమ్మేది. తెరమీద అంత పొగ వస్తే నటుల ముఖాలే కనిపించవు.

కొన్నిసార్లు కల్పనే వస్తువైంది. ఆనాటి పేరుమోసిన పోలీసు అధికారి వయాట్ ఎర్ప్‌కు రచయిత నెడ్ బంట్‌లైన్ పొడవాటి గొట్టపు కోల్ట్ బహూకరించాడని స్టూవర్ట్ లేక్ 1931 నాటి జీవితచరిత్రలో రాశాడు. దానికి ఆధారాలు లేవు. ఆ కథ టీవీకి ఎక్కాక, 1957లో కోల్ట్ కంపెనీ ‘బంట్‌లైన్ స్పెషల్’ తయారుచేసి అమ్మింది.

ఇటలీలో 1959లో మొదలైన ఉబెర్టి వంటి సంస్థలు పాత నమూనాలను కొత్తగా తయారుచేయడంతో దర్శకులకు సాకు లేకుండా పోయింది. క్లింట్ ఈస్ట్‌వుడ్ ‘అన్‌ఫర్‌గివెన్’ (1992) ఈ విషయంలో మెచ్చుకోదగ్గది. 1880 ప్రాంతపు ఆ కథలో స్కోఫీల్డ్ రివాల్వర్, స్పెన్సర్ రైఫిల్, స్టార్ రివాల్వర్ అన్నీ కాలానికి ముందే పుట్టినవి, ఒక్కో పాత్ర వయసుకూ స్తోమతకూ తగినవి.

అయితే ఈ నకళ్లు ఆటబొమ్మలు కావు, నిజంగా పేలతాయి. 2021 అక్టోబరు 21న న్యూమెక్సికోలో ‘రస్ట్’ చిత్రీకరణకు సిద్ధమవుతుండగా, ఇటలీకి చెందిన పియెట్టా తయారుచేసిన 1873 నమూనా రివాల్వర్ లోంచి అసలు తూటా పేలి ఛాయాగ్రాహకురాలు హల్యానా హచిన్స్ మరణించారు. కాలానికి సరిపోయే తుపాకి చూపించడానికి అసలు తూటా సెట్‌లోకి రావలసిన అవసరం ఎన్నడూ లేదు.