ఉదయగిరి నేల కింద

నెల్లూరు జిల్లా అనంతసాగరం మండలంలో సోమశిల దగ్గర పెన్న వెలికొండలను దాటి మైదానంలోకి వస్తుంది. ఆ కొండలకు తూర్పున ఉన్న శిలలను భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ పరిశీలించి, 1880లోనే వివరంగా రాశారు. తర్వాతివాళ్లు ఆ రాళ్లలో పురాతన లావాను గుర్తించారు. నెల్లూరు ప్రాంతంలోని కండ్ర దగ్గర దొరికిన సముద్రగర్భపు లావా వయసు సుమారు 185 కోట్ల ఏళ్లు.

రాళ్లను చదివినంత శ్రద్ధగా అదురును చదవడానికి మాత్రం చాలాకాలం పట్టింది. బేగంపేటలోని నిజామియా వేధశాలలో మిల్న్-షా యంత్రం దూరదేశాల భూకంపాలను నమోదు చేసేది. పల్లెల్లో పుట్టే చిన్న ప్రకంపనలు దాని దాకా చేరవు. 1961లో హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) ఏర్పడింది. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతం 5.4 తీవ్రతతో కదిలింది. అదే ఏడాది డిసెంబరులో మహారాష్ట్రలో కొయ్నా, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతం కంపించాయి. దక్కను కదలదన్న నమ్మకం చెదిరింది. జలాశయాలు భూకంపాలను రేపగలవని కొయ్నా చూపింది. ఎన్‌జీఆర్ఐకి చెందిన హర్ష్ గుప్తా, రస్తోగీ 1976లో దాని మీద పుస్తకమే రాశారు.

2015 చివర్లో వరికుంటపాడు, వింజమూరు, దుత్తలూరు, ఉదయగిరి మండలాల్లో నేల పదేపదే అదిరింది. చాలావరకు చిన్నవే. కానీ లోతు తక్కువ కావడంతో పేలుడు లాంటి శబ్దం వచ్చేది, జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తేవారు. ఆ భయాన్ని అపోహ అని కొట్టిపారేయడం అన్యాయం.

భూకంప కేంద్రం ఎంత దూరమో తేల్చేది రెండు అలల మధ్య వ్యవధి. ముందు వేగంగా వచ్చే అల, వెనకే ఊపేసే అల. ఒక్క సెకను తేడా ఉంటే కేంద్రం దాదాపు ఎనిమిది కిలోమీటర్ల దూరాన ఉన్నట్టు. ఉదయగిరిలో పుట్టిన అదురుకు హైదరాబాద్‌లో ఆ తేడా అర నిమిషం దాటుతుంది, చిన్నదైతే అసలు కనపడదు. అందుకే యంత్రం ఊరి దగ్గరే ఉండాలి.

2015 నాటి అదురుకు కారణం సోమశిల జలాశయమే అనడం తొందరపాటు. జలాశయానికి, వింజమూరుకు మధ్య నలభై కిలోమీటర్లకు పైగా దూరం. వాననీరు పాత పగుళ్లలోకి దిగి ఒత్తిడి పెంచిందన్న వాదన ఒకటుంది. దాన్ని తేల్చాలన్నా, కొట్టేయాలన్నా నెలల తరబడి ఆగకుండా సాగే నమోదు కావాలి. 2024 డిసెంబరులో ములుగులో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చాక ఆ అవసరం ఇంకా పెరిగింది. ఒంగోలు నుంచి ఉదయగిరి దాకా శాశ్వత కేంద్రాలు దగ్గరదగ్గరగా ఉంటే, మరోసారి అదిరినప్పుడు ఎక్కడ, ఎంత లోతున అన్నది మండల కార్యాలయం అప్పటికప్పుడే ఊళ్లకు చెప్పగలుగుతుంది.