విషాద సారంగధర

బళ్ళారి సరసవినోదినీ సభకు ప్రాణమైన ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) రచించిన ఈ నాటకము, మంగళాంతమును కోరు సంస్కృత సంప్రదాయమును త్రోసిరాజని, తెలుగున తొలి విషాదాంత నాటకముగా ప్రసిద్ధి కెక్కినది. పావురమును వెంబడించి సవతితల్లి చిత్రాంగి మందిరము చొచ్చిన సారంగధరుని తొందరపాటు చిన్నది. అతనిని మోహించి తిరస్కృతయైన ఆమె పన్నిన నిందను విన్నంతనే, విచారణ సాగింపక, కన్నకొడుకునకు కరచరణఖండనము విధించిన రాజరాజనరేంద్రుని క్రోధమే అసలు ఘాతుకము. సత్యము తెలియునప్పటికి కాలము మించినది. నన్నయచే భారతము తెనిగింపించిన రాజునకు ఈ అపకీర్తి నంటగట్టుట, నిజమునకు, అన్యాయమే. ఈ కథపై వచ్చిన 1957 నాటి చలనచిత్రమున నందమూరి తారక రామారావు సారంగధరుడై నటించెను.